మధ్యాహ్నం రెండు గంటల దారి



కర్నూల్లో గానీ కడపలో గానీ నడిచే దారుల మాట ఎత్తితే చాలామందికి గుర్తొచ్చేది పొద్దున ఆరు గంటల నడక. స్టేడియం చుట్టూ నాలుగు రౌండ్లు, పార్కులో బెంచీ, మెడ చుట్టూ తువ్వాలు, "షుగరెంతుంది సార్" అనే పలకరింపు. మంచి అలవాటే. అయితే ఆ నడకకు దారి కొరత పెద్దగా లేదు. ఆ వేళప్పుడు ట్రాఫిక్ ఉండదు, ఎండ ఉండదు, నడిరోడ్డు మీద నడిచినా అడిగేవాడుండడు. మన రెండు ఊళ్లకూ దారి కావలసింది మధ్యాహ్నం రెండు గంటలకు.

ఆ వేళ రోడ్డు మీద ఎవరుంటారో చూడండి. పల్లె బస్సు దిగి పెద్దాసుపత్రికి పోతున్న ముసలాయన ఉంటాడు. చేతిలోని ఎక్స్‌రే కవరునే నెత్తికి అడ్డం పెట్టుకుని ఉంటాడు. పరీక్ష రాసి ఇంటికి పోతున్న పిల్లలుంటారు. హ్యాండిలుకు క్యారియరు తగిలించి, వెనక తాపీ సామాను కట్టుకుని కల్లూరు వైపు పోతున్న మేస్త్రి ఉంటాడు. కుళాయి రాని వీధుల్లో బిందెలు కట్టిన సైకిలును తోసుకుంటూ పోయేవాళ్లుంటారు. వీళ్లెవరూ ఆరోగ్యం కోసం నడవడం లేదు. ఆటోకు డబ్బులు మిగుల్చుకోవాలని కొందరు, వేరే దారి లేక కొందరు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. అందుకని ఒక నడక దారి బాగుందా లేదా అని తేల్చడానికి నా దగ్గర ఒకటే కొలత ఉంది. మే నెలలో రెండు గంటలకు ఆ ముసలాయన కవరు చంకన పెట్టుకుని, నిమ్మళంగా ఆసుపత్రి గేటు దాకా పోగలడా?

ఈ కొలత పెడితే మనం గొప్పగా చెప్పుకునే దారుల్లో చాలా వరకు నిలవవు. రంగు టైల్సు పరుస్తారు, స్టీలు రెయిలింగు పెడతారు, మొదట్లో ఒక ఆర్చి కట్టి పేరు రాయిస్తారు. చెట్టు మాత్రం ఉండదు. ఉంటే కుండీలో మోకాలెత్తు క్రోటన్ మొక్క. ఎండాకాలం పదకొండు దాటితే ఆ టైల్సు మీద కుక్క కూడా పడుకోదు.

పాత రోడ్లు ఇలా ఉండేవి కావు. ఇరువైపులా చింతచెట్లు, మధ్య మధ్య వేపలు, మర్రులు. చింతకాయలకు వేలం పాటలు జరిగేవి కాబట్టి ఆ చెట్లు నీడా ఇచ్చేవి, సర్కారుకు నాలుగు డబ్బులూ తెచ్చేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ముందు పడిపోయేది వాటి మొదళ్లే. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా మన సీమలోంచే పోయారు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే మజిలీ మజిలీకీ కనబడే లెక్క ఒకటుంది: నీళ్లు దొరుకుతాయా, దిగడానికి చోటుందా, దారి ఎలాంటిది. ఆయన పల్లకీలో పోయారనుకోండి. ఆ దారిని కాళ్లతో కొలిచింది బోయీలు. నూట తొంభై ఏళ్లు దాటినా, నడిచేవాడికి కావలసిన జాబితా మారలేదు.

సరే, నీడా నీళ్లూ ఉన్న దారి ఎక్కడి నుంచి తెస్తాం? ఊరి మధ్యలో స్థలం లేదు, ఉన్నచోట ధరలు మండుతున్నాయి. ఇక్కడే కేసీ కాలవ సంగతి చెప్పాలి.

కర్నూలు – కడప కాలవను తవ్వింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఒక ఇంగ్లీషు ప్రైవేటు కంపెనీ. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఈ ఆలోచన వెనక ఉన్నాడు. 1863లో మొదలుపెట్టి 1870 ప్రాంతానికి పని ముగించారు. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కడప దాకా సుమారు 306 కిలోమీటర్లు కాలవ పారించారు. కంపెనీకి గిట్టుబాటు కాలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. మనకు ఇక్కడ పనికొచ్చే విషయం వేరే ఉంది. ఈ కాలవను తవ్వింది సాగుకు మాత్రమే కాదు, పడవలు నడపడానికి కూడా. అందుకే లాకులు కట్టారు, వాలు తక్కువగా ఉంచారు, గట్టు చదును చేశారు. గట్టు మీద మనుషులు తాడు పట్టి పడవ లాగాలి కదా. 1933 దాకా ఈ కాలవలో పడవలు తిరిగాయి. అంటే కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడప దాకా, ఎక్కడా పెద్ద ఎత్తూ పల్లమూ లేకుండా, మనిషి నడక కోసమని తయారుచేసిన ఒక గట్టు నూట యాభై ఏళ్లుగా మన మధ్యే ఉంది. సైకిలు తొక్కేవాడికి ఎత్తు లేని దారి విలువ ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

పడవలు పోయాక ఆ గట్టును బతికించినవాడు లస్కరు. కాలవ లస్కరంటే ఆయకట్టు ఊళ్లలో ఒక అధికారే. తూము ఎవరు ఎత్తారు, గండి ఎక్కడ పడేలా ఉంది, ఎవరి పైపు దొంగతనంగా కాలవలోకి దిగింది అన్నవి అతనికే తెలియాలి. అందుకు రోజూ తన మేర గట్టంతా నడవాలి, లేదా సైకిలు మీద తిరగాలి. లస్కరు తిరిగినంత కాలం గట్టు మీద దారి ఉండేది. ఒకరు రిటైరయితే ఆ చోట ఇంకొకరిని వేయడం తగ్గాక, దారి మీదికి కంప వచ్చింది.

ఇప్పుడు ఊరు దాటి ఏ మేరనైనా గట్టెక్కి చూడండి. మొదటి వంద గజాలు చెత్త. తర్వాత కొంత దూరం బాగుంటుంది. కాలవ వాలు మీద కాంక్రీటుకు పిడకలు కొట్టి ఉంటాయి, ఆరినవి ఒకచోట పేర్చి ఉంటాయి. ఇంకొంచెం పోతే రైతు మోటారు పైపు దారికి అడ్డంగా పడి ఉంటుంది, సైకిలు దిగి ఎత్తి దాటించాలి. ఆపైన సర్కారు తుమ్మ రెండు పక్కల నుంచి కమ్ముకుని, ఒక మనిషి పక్కకు తిరిగితేనే పట్టే సందు మిగులుతుంది. కింద పల్లేరు కాయలు. వాటి సంగతి సైకిలు ఉన్నవాళ్లకు తెలుసు. చూడటానికి శనగగింజంత ఉంటుంది, ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. ముందు చక్రం తప్పించుకుంటే వెనక చక్రానికి దిగుతుంది. పంక్చరు షాపు నాలుగు మైళ్ల అవతల. కాబట్టి గట్టు మీద సైకిలు దారి అనగానే తారు, సిమెంటు, కోట్లు అని మొదలుపెట్టకండి. ముందు కావలసింది ఏడాదికి రెండుసార్లు కంప కొట్టి, పల్లేరు చెక్కి పారేసే మనుషులు. ఉపాధి హామీ పనుల్లో కాలవ పూడిక తీస్తున్నాం, గట్ల మీద మొక్కలూ నాటుతున్నాం. ఊరి పొలిమేర అవతల ఈ పనికి కొత్త పథకమేమీ అక్కర్లేదు.

ఇలాంటిదే ఒక కాలవ అమెరికాలో ఉంది. చెసపీక్ అండ్ ఒహాయో కాలవ. వాషింగ్టన్ నగరంలోని జార్జిటౌన్ దగ్గర మొదలై కంబర్లాండ్ అనే ఊరి దాకా 184.5 మైళ్లు, అంటే సుమారు 297 కిలోమీటర్లు. మన కేసీ కాలవకు దాదాపు సమానమే. అక్కడ గట్టు మీద కంచరగాడిదలు పడవలు లాగేవి. 1924లో వరద వచ్చి దెబ్బ తీశాక పడవలు ఆగిపోయాయి. తర్వాత ఆ కాలవ వెంబడి కార్ల కోసం రోడ్డు వేయాలన్న ప్రతిపాదన వచ్చింది, ఒక పెద్ద పత్రిక దాన్ని సమర్థిస్తూ సంపాదకీయం కూడా రాసింది. అప్పుడు సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్ ఆ పత్రికకే ఉత్తరం రాశాడు: మీరు వచ్చి నాతో నడిచి చూడండి, ఆ తర్వాత మాట్లాడండి అని. 1954 మార్చిలో నిజంగానే నడిచారు. చాలామంది మధ్యలో ఆగిపోయారు, చివరిదాకా నడిచింది ఆయనతో కలిపి తొమ్మిదిమంది. రోడ్డు ఆలోచన వెనక్కి పోయింది. 1971లో ఆ కాలవ మొత్తాన్నీ జాతీయ చారిత్రక పార్కుగా ప్రకటించారు. వర్జీనియా, మేరీల్యాండ్‌లలో మన జిల్లాల పిల్లలు చాలామంది ఉద్యోగాలు చేస్తున్నారు. శని ఆదివారాల్లో ఆ గట్టు మీద సైకిలు తొక్కి ఫోటోలు పంపేవాళ్లకు తమ ఊళ్లోనూ అలాంటి గట్టుందని ఎవరైనా చెప్పాలి.

ఒక పెద్ద తేడా ఉంది, దాన్ని దాటేసి పోతే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఆ కాలవ పని అయిపోయిన కాలవ. మనది 2 లక్షల 65 వేల ఎకరాలకు నీళ్లివ్వాల్సిన కాలవ. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, చాపాడు వైపు వరి, పసుపు దీని మీదే ఆధారం. గట్టు మీద మొదటి హక్కు నీళ్లది, రెండోది రైతు ట్రాక్టరుది, లస్కరుది. నడిచేవాళ్లు ఆ తర్వాతే. అందుకే 306 కిలోమీటర్లకూ ఒకేసారి పెద్ద పేరు పెట్టి ప్రాజెక్టు చేయమని నేను అడగను. అలాంటి ప్రకటనలు మనం చాలా విన్నాం. ఊళ్లలోంచి పారే మేర చాలు, మొదట.

కర్నూల్లో కాలవ ఊరి మధ్యలోంచి పోతుంది. హంద్రీ దగ్గరకొచ్చేసరికి అక్విడక్టు మీదుగా దాటుతుంది, కింద ఏరు, పైన కాలవ. చూడవలసిన కట్టడం, కానీ ఊళ్లో ఎంతమంది పిల్లలకు దాన్ని దగ్గర నుంచి చూపించి ఉంటారో అనుమానమే. ఇదే కాలవ మీద వినాయక ఘాట్ ఉంది. నిమజ్జనం రోజున అక్కడికి పోయినవాళ్లకు తెలుసు: ముందు వారం రోజుల్లోనే గట్టు చదునవుతుంది, చెత్త మాయమవుతుంది, లైట్లు వస్తాయి, తాగునీళ్లు పెడతారు, పోలీసులుంటారు, ఆడవాళ్లు, పిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా నిర్భయంగా తిరుగుతారు. ఒక నడక దారికి కావలసినవన్నీ అవే. విగ్రహాల కోసం ఏడాదికోసారి చేయగలిగిన పని మనుషుల కోసం మిగతా రోజుల్లో ఎందుకు చేయలేమో కార్పొరేషన్ వాళ్లను మర్యాదగా అడగవచ్చు.

కడపది ఇంకో కథ. అక్కడ ఊరి నడుమ పారేది బుగ్గవంక. ఎండాకాలం మురుగు తప్ప ఏమీ ఉండదు, పొంగితే మాత్రం ఆపేవాడుండడు. 2001లోనూ, 2020 నవంబరులో నివర్ తుఫానుకూ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. వంకకు రక్షణ గోడలు కట్టి, వెంబడి రోడ్లు వేయాలన్న ఆలోచన ఏనాటిదో. నా మాట అడిగితే, రెండు వైపులా బండ్లకే ఇవ్వకండి. ఒక పక్క ఆటోలూ కార్లూ పోనివ్వండి, ఇంకో పక్క కాళ్లకూ సైకిళ్లకూ వదిలేయండి. వంక గోడ ఒక వైపు ఉంటుంది కాబట్టి అటునుంచి అడ్డంగా వచ్చే సందులు ఉండవు. సైకిలు తొక్కే ఆడపిల్లకు ప్రమాదం ఎక్కువగా ఎదురయ్యేది ఆ సందుల మలుపుల్లోనే. కొన్నేళ్ల కింద ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో సర్కారు బడుల ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. సైకిలిచ్చారు గానీ, ఏడు రోడ్ల కూడలిని దాన్ని తొక్కుకుంటూ ఎట్లా దాటాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక ఊళ్లో ఫుట్‌పాత్ సంగతి. మన దగ్గర ఫుట్‌పాత్ అంటే చాలాచోట్ల కాలవ మూత, అదే, మురుగు కాలవ మీద వేసిన బండలు. నాలుగు బండలు ఉంటాయి, ఐదోది విరిగి ఉంటుంది, దాంట్లో ఎవరో కొమ్మ గుచ్చి ఉంటారు పడకుండా. ఆ తర్వాత అంగడివాళ్ల మెట్లు, ర్యాంపు, ట్రాన్స్‌ఫార్మరు. నడిచేవాడు దిగి ఎక్కి, దిగి ఎక్కి, చివరికి రోడ్డు మీదికే వస్తాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు 2012లో రాసిన నియమాల్లో నడిచేందుకు అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలన్నారు, రోడ్డు నుంచి ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదన్నారు. మన దగ్గర కొన్నిచోట్ల ఆ ఎత్తు మోకాలి దాకా ఉంటుంది, కీళ్ల నొప్పులున్న మనిషి ఎక్కలేడు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 32,825 మంది నడుస్తూ పోతున్నవాళ్లే. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని, దివ్యాంగులు కూడా వాడుకునేలా ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. తోపుడు బండ్లవాళ్లను తరిమేస్తే ఫుట్‌పాత్ బాగుపడుతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. అరటిపండ్ల బండి ఉన్నచోట రాత్రి ఎనిమిదికి కూడా ఆడవాళ్లు ధైర్యంగా నడుస్తారు. బండికి ఒక చోటు గీసి ఇవ్వాలి. అడ్డం తీయాల్సింది అంగడి ముందు నిలబెట్టిన కార్లను.

పరచడానికి రాయి కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి ఇంటింటికీ తెలిసిందే, దేశమంతా కడప రాయి పేరుతో కొంటుంది. నున్నగా పాలిష్ పట్టింది వద్దు, వానకు జారుతుంది. గరుకు రాయి కావాలి, నల్లది కాకుండా లేత రంగుది. ఇది చిన్న విషయమనుకోకండి, మన దగ్గర ఉత్తకాళ్లతో నడిచేవాళ్లు చాలామంది. ఉగాది రోజున దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకుని వస్తారు. పెద్ద దర్గాకు హిందువులు పోతారు. ఆ దారుల్లో చెప్పులు విడిచి నడిచే కాళ్లకు నల్ల బండ మీద ఎండ ఏం చేస్తుందో కాంట్రాక్టరుకు ఎస్టిమేట్లో కనపడదు.

నడిచేవాళ్లను ఎట్లా చూసుకోవాలో మన జనానికి తెలియదనుకుంటే పొరపాటు. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి వేలాదిమంది భక్తులు శ్రీశైలానికి కాలినడకన వస్తారు. కర్నూలు మీదుగా ఆత్మకూరు, వెంకటాపురం, అక్కడి నుంచి అడవిలో నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాస ద్వారం. కొందరు కర్రకాళ్లు కట్టుకుని వాటి మీదే నడిచొస్తారు. మంచి ఎండాకాలం అది. దారి పొడవునా ఊళ్లవాళ్లు పందిళ్లు వేసి, మజ్జిగ పోసి, అన్నం పెట్టి, పుండ్లు పడిన కాళ్లకు నూనె రాస్తారు. ఎవరి కులమేదని అడగరు, ఊరేదని మాత్రం అడుగుతారు. నీడ, నీళ్లు, కూర్చునే చోటు, కాళ్లకు మందు – నడక దారి ప్రణాళిక రాయమంటే ఏ ఇంజనీరైనా ఇంతకంటే బాగా రాయలేడు. ఉన్న చిక్కల్లా ఆ పందిళ్లు పండగ అయిపోగానే విప్పేస్తారు.

హైదరాబాద్‌లో 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ పలకల కప్పు వేసి. ఎండకు నీడ కావాలన్న సంగతి గుర్తించినందుకు మెచ్చుకోవాలి. కానీ అది ఇళ్లకు దూరంగా, కారులో సైకిలు పెట్టుకుని పోయి తొక్కే చోటు. మన ఊళ్లకు అంత డబ్బూ లేదు, ఆ రకం దారీ వద్దు. మనకు కానుగ చాలు. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి, సరిగ్గా ఎండలు ముదిరే ఏప్రిల్‌కు లేత ఆకుతో గుబురుగా నిలబడుతుంది. పశువులు కొరకవు. దానికి తోడు వేప. కాలవ గట్టు మీద చెట్లంటే ఇంజనీర్లు ఒప్పుకోరు, వేళ్లు లైనింగును పగలగొడతాయని. వాళ్ల మాటలో న్యాయముంది. కాబట్టి మొక్క గట్టు మీద కాదు, బయటి వాలు కింద, పొలం వైపు పెట్టాలి. కాలవకు పడమర గట్టు కింద పెడితే రెండు గంటల తర్వాత నీడ దారి మీదే పడుతుంది.

గుంతలు మే నెలలో తవ్వుకోవాలి, కాలవలో నీళ్లు లేని కాలం, గట్టు పనికి అదే అదను. రెండు మంచి వానలు పడ్డాక, జులై చివర్లో మొక్కలు నాటాలి. ఆ ఏడాదికి కాలవే పక్కన పారుతుంది కాబట్టి నీళ్ల బాధ లేదు. అసలు పరీక్ష వచ్చే మార్చి నుంచి మొదలవుతుంది. కాలవ ఎండిపోయిన మూడు నాలుగు నెలలు ట్యాంకరు రావాలి, అదీ మూడు ఎండాకాలాలు. ట్యాంకరు కూలి కార్పొరేషన్ ఇవ్వాలా, జలవనరుల శాఖ ఇవ్వాలా, అటవీ శాఖ ఇవ్వాలా అన్నది మొక్క నాటక ముందే కాగితం మీద రాసుకోవాలి. నాటే రోజు ఫోటోకు మూడు శాఖలూ వస్తాయి. ఏప్రిల్‌లో ట్యాంకరు పంపమని ఎవరికి ఫోన్ చేయాలో కాలనీ వాళ్ల దగ్గర ఒక నంబరుండాలి.